కనకత్తకు అర్థమయ్యేలా

హైదరాబాదులో మా డబ్బింగ్ స్టూడియో కింద సాయంత్రాలు మిరపకాయ బజ్జీల బండి పెడతారు. శనగపిండిలో వేగే వాము వాసన మెట్లెక్కి రాగానే నా కలం ఆగిపోతుంది. చిన్నప్పుడు మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, బాబుపేట్‌లో, మా పక్కింటి కనకత్త బజ్జీలు వేస్తుంటే ఆమె ముందుగదిలో కూర్చున్నట్టే ఉంటుంది.

కనకత్త మాకు చుట్టం కాదు. పెళ్లయ్యాక మంచిర్యాల నుంచి వచ్చింది. భర్త రాజేశం మామ పద్మాపూర్ వైపు బొగ్గుగనిలో డంపర్ నడిపేవాడు. ఆమెకు హిందీ, మరాఠీ కూరగాయలు బేరమాడేంత వరకే వచ్చు. మా ఇంట్లో టీవీ లేదు కాబట్టి బడి నుంచి నేరుగా వాళ్లింటికే పోయేదాన్ని. హిందీలో వచ్చే ఓ విదేశీ బొమ్మల కామెడీ నాకు ప్రాణం. అందులో అడుగడుగునా ఏదో ఒక సినిమాను వెక్కిరించేవాళ్లు. ఆ సినిమాలు కూడా టీవీలోనే చూసి ఉండటంతో నేను పడిపడి నవ్వేదాన్ని.

"ఏందే, గంత నవ్వుతున్నవ్? నాకు గూడ చెప్పు," అనేది అత్త.

"అది వేరే సినిమా మీద జోకు అత్తా. నీకు తెల్వదు."

"సినిమా తెల్వకపోతే ఏమాయె? నాకు తెల్సినదాంతోని చెప్పు."

నేను చెప్పింది బాగుంటే నవ్వేది. లేకపోతే, నన్ను సంతోషపెట్టడానికైనా నవ్వేది కాదు. "నవ్వు రాలే బిడ్డా, ఇంకో తీరుగ చెప్పు," అనేది.

ఒక ఏడు వానాకాలంలో డంపర్ దిగుతూ జారిపడి మామ కాలు విరిగింది. మళ్లీ బండెక్కగలడో లేదో డాక్టరు చెప్పలేకపోయాడు. మామ ఆ ముందుగదిలోనే మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నెలల తరబడి అత్తతో కూడా మాట్లాడలేదు. నేను రావడం మానేస్తానంటే అత్త ఒప్పుకోలేదు. "నువ్వు రా. ఇంట్ల ఒక్క మాటన్న వినపడాలె," అంది.

ఓ సాయంత్రం టీవీలో ఆ బొమ్మల కామెడీలోని తండ్రి నల్లద్దాలు పెట్టుకుని, పొగలోంచి ఏదో సినిమా హీరోలా నెమ్మదిగా నడిచొచ్చి బోర్లా పడ్డాడు. అత్త నా వైపు చూసింది.

"గనికి కొత్తగ వచ్చిన పెద్దసారు దుమ్ముల షోకుగ నడుస్తుండు అత్తా, బురద చూసుకోలే," అన్నాను.

గోడవైపు నుంచి నవ్వు వినిపించింది. "గట్ల నిజంగనే ఒక సారు పడ్డడే," అంటూ మామ మెల్లగా మా వైపు తిరిగి, ఆ కథంతా చెప్పుకొచ్చాడు. అత్త చప్పుడు చేయకుండా టీవీ ఆపేసి, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని వింది. ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

మర్నాడు నన్ను అడిగింది: "ఇంత మంచిగ చెప్తవు, తెలుగు రాయొస్తదా నీకు?"

"మా బడిల మరాఠీయే గద అత్తా."

"గట్లయితే కూసో," అని షాబాద్ బండమీద సుద్దముక్కతో 'అ' రాసింది. ఏడో తరగతి దాకా తాను చదువుకున్న తెలుగంతా అలా నాకు ఇచ్చేసింది. మామ కోలుకుని పనిలోకి వెళ్లేనాటికి నేను కూడబలుక్కుని చదవగలిగాను. ఈ రోజు బొమ్మల కామెడీలకు తెలుగు మాటలు రాసి బతుకుతున్నానంటే, అది ఆమె చలవే.

కనకత్త ఇప్పుడు లేదు. మొన్న ఓ దృశ్యంలో ఒకణ్ణి కెమెరా ముందు పదేపదే నడిపిస్తారు; అది మనవాళ్లలో చాలామంది చూడని విదేశీ కార్యక్రమం మీద జోకు. "ఉన్నదున్నట్టు ఉంచండి, తెలిసినవాళ్లు నవ్వుతారు," అన్నాడు దర్శకుడు.

"తెలియనివాళ్లూ చూస్తారు కదండీ," అని కాస్త వ్యవధి అడిగాను. పెళ్లి వీడియో తీసేవాడు వరుణ్ణి మళ్లీ మళ్లీ మండపంలోకి నడిపిస్తున్నట్టు మాటలు మార్చి రాశాను. మైకు ముందున్న అమ్మాయి చదువుతూ చదువుతూ మధ్యలోనే నవ్వేసింది.