సర్దార్‌బీ డేగిసా, మరియామా నూకలు

సర్దార్‌బీ మోకాళ్లకి ఏ జబ్బూ లేదు. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. లేకపోతే గుంటూరులో ఆ వీధి వీధంతా నమ్మినట్టు చదివేవాళ్లు కూడా నమ్మేస్తారు. మోకాళ్ల నొప్పులవల్లే ఆవిడ పెళ్లి వంటలు మానేసిందని కట్టుకున్న మొగుడు ఇమాం హుస్సేన్ కూడా నమ్మాడు. నమ్మి ఊరుకోక, రోజూ సాయంత్రం కర్పూరం కలిపిన నూనె వెచ్చచేసి ఆ మోకాళ్లకి మర్దనా చేస్తున్నాడు పాపం. పోయింది మోకాళ్లు కాదు, ముక్కు.

కరోనా రెండోసారి ఊరిమీద పడ్డప్పుడు ఇద్దరికీ జ్వరం తగిలింది, ఇద్దరికీ తగ్గింది. సర్దార్‌బీకి మాత్రం వాసన తిరిగి రాలేదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని చూసింది. మల్లెపూలు ముక్కుకి ఆనించుకుంది, ఇంగువ డబ్బాలో తల దూర్చినంత పని చేసింది. ఎండుమిరపకాయలు వేయిస్తే దగ్గొచ్చేది, కళ్లనీళ్లొచ్చేవి, వాసన మాత్రం వచ్చేది కాదు. గుంటూరులో పుట్టి పెరిగి మిరపకాయ వాసన తెలియకపోవడమంటే ఏమిటో ఆ ఊరివాళ్లని అడగాలి. తిండి కూడా అలాగే అయింది. నాలుకకి ఉప్పు తెలిసేది, పులుపు తెలిసేది, కారం మండేది, ఆ పైన ఏమీ లేదు. తను వండిన బిర్యానీ తనకే తడిసిన అట్టముక్కలా ఉండేది. వేళకి ఇంత తినడం, చెయ్యి కడుక్కోవడం, అంతే.

ఇందులో అసలు దెబ్బేమిటంటే, ఆవిడ వంటంతా ముక్కుతోనే చేసేది. దూది ఏకే ఇంట్లో పుట్టిన పిల్ల, వంట మేస్త్రీ ఇమాం హుస్సేన్‌ని చేసుకున్నాక డేగిసాల పక్కన నిలబడడం నేర్చుకుంది. పోను పోను మేస్త్రీ అన్న పేరు ఆయనది, చెయ్యి ఈవిడది అయింది. దమ్ము మీదున్న బిర్యానీ మూత తియ్యకుండానే, అంచునుంచి వచ్చే ఆవిరి ఒక్కసారి పీల్చి “ఇంక నిప్పు లాగెయ్” అనేది. తీసి చూస్తే మెతుకు మెతుకూ విడివిడిగా ఉండేది. పల్నాడు వైపునుంచి కూడా వెతుక్కుంటూ వచ్చి పిలుచుకుపోయేవాళ్లు.

జ్వరం తగ్గాక సత్తెనపల్లిలో ఒక పెళ్లికి వెళ్లింది. డేగిసాకి మూరెడు దూరంలో, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉండగానే అన్నం అడుగంటింది. పందిట్లో కూర్చున్నవాళ్లకి తెలిసింది, చేతులు కడుక్కుంటున్నవాళ్లకి తెలిసింది, రోడ్డు మీద పోయేవాళ్లకి కూడా తెలిసింది. ఎవరో పరుగెత్తుకొచ్చి చెప్పేదాకా ఈవిడకే తెలియలేదు. “ఏంది సర్దార్‌బీ, నిలబడే నిద్రపోతన్నావా?” అని పెళ్లికొడుకు మేనమామ అందరి ముందూ అడిగేశాడు. తల కొట్టేసినట్టయింది. కట్టెలు ఒక్కసారిగా మండిపోయాయని ఏదో సర్దిచెప్పి ఇంటికొచ్చింది. వచ్చి, మోకాళ్లు పట్టేశాయంది. ముక్కు పోయిన వంటమనిషి అని ఒకసారి పేరు పడితే చచ్చేదాకా ఆ పేరుతోనే బతకాలని ఆవిడ భయం. ఒక్క భయమేనా, సిగ్గు కూడా.

డేగిసాలు అటకెక్కాయి. మేడమీద రెండు గదులు వేయించి కాలేజీ ఆడపిల్లలకి అద్దెకిచ్చారు. ఆ పిల్లలు పొద్దున నూడుల్సు తినేవాళ్లు, మధ్యాహ్నం నూడుల్సు తినేవాళ్లు, రాత్రయితే ఫోన్లో ఏదో ఒకటి తెప్పించుకునేవాళ్లు. ఒకతికి కడుపునొప్పి, ఇంకొకతికి నీరసం. చూసి చూసి సర్దార్‌బీకి ఒళ్లు మండింది. మోకాళ్ల సంగతి మర్చిపోయి గబగబా మెట్లెక్కేసి, “ఏమే, ఇంత చదువుతున్నారే, అరగంటలో అన్నం కూర వండుకోలేరా?” అని దులిపేసింది.

అలా మొదలైంది. ఒక చిన్న సిలిండరు, ఒక కుక్కరు. కుక్కర్లో అడుగున కందిపప్పు, టమోటాలు, పచ్చిమిర్చి. దాని మీద గిన్నెలో బియ్యం. కాలేజీనుంచి వచ్చి మొహం కడుక్కుని బట్టలు మార్చుకునేసరికి రెండూ అయిపోయేవి. గోంగూర చవగ్గా వచ్చినప్పుడు నూనెలో మగ్గబెట్టి, ఉప్పూకారం వేసి సీసాకెత్తితే నాలుగు పూటలు కూర వెతుక్కునే పని లేదు. తనకి వాసన తెలియదు కాబట్టి సర్దార్‌బీ అన్నీ విజిళ్లతోనూ గరిటెలతోనూ కొలిచి చెప్పేది. ఆంటీ చెప్పినట్టు చేస్తే ఎప్పుడూ తప్పదని పిల్లలు మురిసిపోయేవాళ్లు. ఆవిడ లోపల కుంచించుకుపోయేది.

ఆ గదుల్లోకి పోయినేడాది ఇద్దరు కొత్తగా వచ్చారు. ఒకతి శ్రీరమ్య, సత్తెనపల్లి దగ్గర పత్తి రైతు కూతురు, నోటికి హద్దూ అదుపూ లేని పిల్ల. రెండోది మరియామా. ఆఫ్రికాలో పడమటి తీరాన గాంబియా అని చిన్న దేశముందట, అక్కణ్నుంచి నర్సింగు చదవడానికి వచ్చింది. సర్దార్‌బీ మొదటిరోజే “మరియం” అని తనకి నోరు తిరిగినట్టు ఆ పేరు మార్చేసుకుంది. మరియామాకి తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు. మిగిలింది శ్రీరమ్య ఇంగ్లీషులో అడిగి చెప్పేది.

గుంటూరు కారం తొలిసారి తిన్నప్పుడు మరియామా కళ్లు తుడుచుకుంటూ ఒక మాటంది. శ్రీరమ్య నవ్వాపుకోలేక తెలుగులో చెప్పింది. “వాళ్లు అన్నానికి తోడు కారం తింటారంట ఆంటీ. మనం కారానికి తోడు అన్నం తింటన్నామంట.”

సర్దార్‌బీకి ఆ పిల్ల నచ్చేసింది. రైతుబజారుకి తీసుకెళ్తే గోంగూర కట్ట దగ్గర ఆగిపోయి, వాళ్లమ్మ కూడా ఇదే ఆకు బెండకాయతో ఉడకబెట్టి మెదిపి చేపలన్నంలోకి పెడుతుందని చెప్పింది. దొమోదా అని ఒక పులుసు నేర్పింది. వేయించిన వేరుశనగపప్పు మిక్సీలో ముద్దగా పట్టి, ఉల్లిపాయ, టమోటా, గుమ్మడికాయ ముక్కలతో సన్నసెగన ఉడికించాలి. మాంసం ఉంటే వేసుకోవచ్చు, లేకపోతే బాధ లేదు. నూనె పైకి తేలితే అయినట్టు. కంటితో చూసి దించొచ్చు కాబట్టి సర్దార్‌బీ ప్రాణానికి హాయిగా ఉండేది. చింతపండు లేని పులుసేమిటని శ్రీరమ్య ముందు మూతి తిప్పింది. తర్వాత గిన్నె గీకి మరీ తింది.

ఎండాకాలం పరీక్షలయ్యాక మరియామా కిందికి దిగొచ్చింది. చుట్టుపక్కల కాలేజీల్లో చదివే తన దేశపు పిల్లలంతా ఆదివారం మేడమీదికి వస్తారట. అందరికీ బెనాచిన్ వండాలి. బెనాచిన్ అంటే వాళ్ల భాషలో ‘ఒకే గిన్నె’ అని. చేపలూ కూరగాయలూ ఉడికిన రసంలోనే అన్నం ఉడుకుతుంది. అటకమీద పెద్ద గిన్నెలు చూశాను, ఒకటి దింపి నువ్వు వండిపెట్టాలమ్మా, అని అడిగింది.

సర్దార్‌బీ ఇరుకున పడింది. కుదరదంటే ఎందుకు కుదరదో చెప్పాలి. మోకాళ్లంటే ఈ పిల్ల నమ్మదు, రోజుకి ఎన్నిసార్లు మెట్లెక్కొస్తోందో చూస్తూనే ఉంది. సరేనంటే, మళ్లీ డేగిసా పక్కన నిలబడాలి. మళ్లీ అడుగంటితే ఈసారి చెప్పడానికి కట్టెలు కూడా చాలవు. “సరేలే” అని నోటితో అనేసి, లోపలికెళ్లి కాసేపు గోడకి ఆనుకుని కూర్చుంది.

ఆదివారం పొద్దున్నే కానాగంత చేపలు, క్యాబేజీ, వంకాయలు, కర్రపెండలం వచ్చాయి. ఆ వెనక సంచీడు నూకలు వచ్చాయి.

“నూకలెందుకే? కోళ్లకా?” అంది సర్దార్‌బీ.

“అన్నానికంట ఆంటీ,” అంది శ్రీరమ్య. “వాళ్ల ఊళ్లో బెనాచిన్‌కి నూకలే మంచివంట. రసం బాగా పీలుస్తాయంట. పైగా చవక.”

ఇంటికొచ్చినవాళ్లకి నూకలు పెట్టడం సర్దార్‌బీ ఎరగదు. గొణుక్కుంటూనే కడిగింది. మేడమీద ఇటుకలు పేర్చి కట్టెలంటించారు. మరియామా చేపలు వేయించి తీసింది, ఆ నూనెలో టమోటా ముద్ద నల్లగా తిరిగేదాకా వేపింది, నీళ్లుపోసి కూరగాయలు ఉడికించి తీసేసింది. మిగిలిన రసంలో నూకలు పోసి మూతపెట్టి, “ఇప్పుడు నువ్వు చూడమ్మా,” అని తన వాళ్లని తీసుకురావడానికి బస్టాండుకి వెళ్లిపోయింది. ఆ పిల్లకి ఈవిడ చేతిమీద అంత నమ్మకం.

సర్దార్‌బీ ఆశంతా శ్రీరమ్య ముక్కు మీద పెట్టుకుంది. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఏమే, వాసనెట్టా ఉంది?”

“బాగుంది ఆంటీ.”

కాసేపాగి మళ్లీ అడిగింది.

“ఇందాకే చెప్పాగా. మీకు తెలీదా ఏంది?” అంది శ్రీరమ్య ఫోన్లోంచి తలెత్తకుండా.

అది ఊరికే అన్న మాటే అయినా సర్దార్‌బీ ఇక అడగలేదు. నూకలు బియ్యంలా ఆగవు, తొందరగా పట్టేస్తాయి. డేగిసాలో ఎన్నడూ నూకలు వండని ఆవిడకి ఆ సంగతి తట్టలేదు. అడుగంటుతున్న వాసన తెలిసే దారీ లేదు.

“ఆంటీ, ఏదో మాడుతున్నట్టుంది,” అంది శ్రీరమ్య తలెత్తి.

ఇంక సర్దార్‌బీ ఎవరి మాటా వినే స్థితిలో లేదు. కట్టెలు లాగేసింది. అడుగు కదలకుండా పైపై అన్నమంతా చిల్లుల గరిటెతో ఇంకో గిన్నెలోకి తీసేసింది. కమురు వాసన లాగేస్తుందని ఉల్లిపాయలు సగానికి కోసి అన్నంలో గుచ్చింది. పెళ్లి వంటవాళ్లు పరువు కాపాడుకోవడానికి చేసే పని అది. మాడు మిగిలిన డేగిసాలో బకెట్టుడు నీళ్లు గుమ్మరించి నీళ్ల ట్యాంకు వెనక దాచేసింది.

అంతలో మెట్లమీద నవ్వులు వినిపించాయి. వచ్చినవాళ్లంతా సలాం చెప్పి చాపల మీద కూర్చున్నారు. మరియామా మూత తీసి, అన్నం చూసి, అందులో గుచ్చిన ఉల్లిపాయలు చూసి, గరిటెతో అడుగుదాకా కెలికింది.

“అమ్మా, అడుగు ఏది?”

దొరికిపోయాననుకుంది సర్దార్‌బీ. సత్తెనపల్లి పందిరి కళ్లముందు తిరిగింది. ఈలోపల వచ్చినవాళ్లలో ఒకడు ట్యాంకు వెనక చూసి, నీళ్లలో నానిపోయిన నల్లటి చెక్కొకటి పట్టుకుని ఏడుపు మొహంతో వచ్చాడు. వాళ్లలో వాళ్లు గబగబా ఏదో మాట్లాడుకున్నారు.

“ఆంటీ,” అంది శ్రీరమ్య నెమ్మదిగా, “ఆ మాడే వాళ్లకి అసలైందంట. ముందు దాన్నే గీరి పెద్దవాళ్లకి పెడతారంట. దానికోసం కొట్టుకుంటారంట. మీరెందుకు నీళ్లు పోశారని మరియామా అడుగుతంది.”

సర్దార్‌బీకి అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది. ఇన్నేళ్లుగా మోస్తున్నది చేతుల్లోంచి జారినట్టుగా మాట బయటికొచ్చేసింది.

“నాకు వాసన తెలియదే. జ్వరమొచ్చినప్పుడు పోయింది, మళ్లీ రాలేదు. మాడిందంటే నా పరువు పోయిందనుకుని దాచిపెట్టా. మోకాళ్ల నొప్పులు లేవు, ఏమీ లేవు. అంతా అబద్ధం.”

ఇమాం హుస్సేన్ మంచినీళ్ల క్యాను భుజాన పెట్టుకుని పైమెట్టు మీద నిలబడిపోయి ఉన్నాడు. క్యాను కింద పెట్టాడు.

“మోకాళ్లు బాగానే ఉన్నాయా?” అన్నాడు.

“ఉన్నాయి.”

“మరి రోజూ నూనె రాయించుకుంటివే.”

“నువ్వు రాస్తుంటే వద్దనలేకపోయా.”

ఆయన కండువాతో మొహం తుడుచుకుని ఆవిడ పక్కనే చాప మీద కూలబడ్డాడు. “నాతోనైనా చెప్పొద్దా?” అన్నాడు మెల్లిగా. సర్దార్‌బీ కళ్లొత్తుకుంది.

శ్రీరమ్య అంతా ఇంగ్లీషులో చెప్పాక మరియామా లేచి ఆ డేగిసా తనే తెచ్చి కడిగింది. అడుగున ఇంత నూనె రాసి, ఉల్లిపాయలు ఏరేసి అన్నం మళ్లీ అందులో పోసి, పైన కాసిని నీళ్లు చిలకరించింది. లాగేసిన కట్టెలు మళ్లీ పెట్టకుండా నిప్పులు మాత్రం ఎగదోసింది. అప్పుడు సర్దార్‌బీ చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, తన చెవి చూపించింది.

“మా నానమ్మ... ముక్కు కాదు. ఇది.”

మిగిలింది శ్రీరమ్య చెప్పింది. వాళ్ల నానమ్మ బెనాచిన్ పొయ్యిమీద పెట్టి ఎవర్నీ మాట్లాడనివ్వదట. తల వంచి గిన్నెని వింటూ కూర్చుంటుందట. తడి ఉన్నంతసేపూ బుడబుడమంటుంది. అన్నం అడుగున పట్టడం మొదలెడితే చిటపటమంటుంది. ఆ చిటపట సన్నబడి పొడిగా వినిపించిందంటే దించెయ్యాలి. అంతకు మించితే చేదు.

సర్దార్‌బీ కొంగు బిగించి తల వంచింది. మేడమీద అంతమంది నోరు మూసుకుని కూర్చున్నారు. శ్రీరమ్య కూడా. కింద వీధిలో ఆటో ఒకటి గోలగా వెళ్లిపోయాక, లోపల బుడబుడ వినిపించింది. చాలాసేపు అదే. ఆ తర్వాత ఎక్కడో ఒక మూల చిటుక్కుమంది. ఇంకో మూల. కాసేపటికి అడుగంతా చిటపటలాడింది. మరియామా చెయ్యి చాపబోతే సర్దార్‌బీ ఆగమని సైగచేసింది. ఇంకా వింది. చప్పుడు పలచబడింది, పొడిబారింది.

“నిప్పు లాగెయ్,” అంది.

ఇమాం హుస్సేన్ లాగేశాడు.

అన్నం పెద్ద పళ్లెంలోకి గుమ్మరించి, మరియామా అడుగుని అట్లకాడతో గీరింది. ఎర్రగా, నూనె మెరుస్తూ, పెద్ద పెద్ద చెక్కులుగా లేచింది. మొదటి చెక్కు విరిచి, మీద నిమ్మకాయ పిండి, అందరికంటే పెద్దది అని సర్దార్‌బీకి ఇచ్చింది.

వాసన రాలేదు. వస్తుందని ఆవిడ అనుకోనూ లేదు. కానీ కొరికేసరికి అది పళ్లమధ్య కరకరమని విరిగింది, ఆ చప్పుడు తలంతా నిండింది. గట్టిది మెత్తబడింది, నూనె ఊరింది, ఉప్పూ పులుపూ ఒకదాని వెనక ఒకటి తగిలాయి. జ్వరం వచ్చిన నాటినుంచి ఏది నోట్లో పెట్టుకున్నా ఒకటే అయిపోయిన మనిషి, తింటున్నానని తెలిసి తిన్న మొదటి ముద్ద అది. సంతోషానికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నమిలింది. చుట్టూ పిల్లలు మిగతా చెక్కుల కోసం అప్పటికే తోసుకుంటున్నారు.

“ఏమే మరియం, అంతా వాళ్లకే ఇచ్చేస్తన్నావేంది,” అంటూ సర్దార్‌బీ చెయ్యి చాపింది. “ఇంకో ముక్క ఇటు పెట్టు.”