మామ చూడని బేరం

పాఠకులకు ముందుగా నా సాష్టాంగ క్షమాపణలు. ఈ స్మృతిలో ఆకాశం కన్నీరు కార్చదు, ఏ శకమూ ముగియదు. పోయిన నెల అమ్మ ఫోన్ చేసి, తన తమ్ముడు పోయాడని చెప్పింది, అంతే. అంటే మా మామ. పొల్లాచ్చి సంతలో ఎద్దుల బేరాలు కుదిర్చే ఏజెంటు. కొనేవాడి వేళ్లను తువ్వాలు కింద పట్టుకుని నొక్కులతోనే ధర చెప్పేవారు. పైకి మాత్రం వానల గురించి మాట్లాడేవారు.

నేను కోయంబత్తూరులో ఇంజనీరింగు చదువుతూ, నా ప్రాజెక్టు కరెంటు పంచే ఏజెంట్ల మీద అని ఇంట్లో నోరు జారాను. ఆ ఒక్క మాటకే మామ మురిసిపోయి, "మా అల్లుడు కరెంటుకి ఏజెంటు అయినాడు" అని సంతంతా చాటారు.

సరిదిద్దబోయాను. ప్రతి ఇంటికీ, ప్రతి మోటారుకూ, మేడ మీది ప్రతి సోలారు పలకకూ కంప్యూటర్లో ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుందనీ, దాన్నే ఏజెంటు అంటారనీ, కరెంటు తక్కువైతే ఎవరు ఇవ్వాలో ఎవరు ఆగాలో అవే మాట్లాడుకుని తేల్చుకుంటాయనీ ఉపన్యసించాను.

"అంటే బేరమేగా?"

"అవును మామా."

"కమీషను?"

"లేదు మామా."

"అట్టయితే వాళ్లు ఏజెంట్లు కార్రా కన్నా, చుట్టాలు. అడిగేదానికీ మొగమాటం, లేదనేదానికీ మొగమాటం. ఊరంతా చీకటి చేసేస్తారు పో."

అలా అన్నారే గానీ, ఆ తర్వాత కనబడినప్పుడల్లా అడిగేవారు. "వాళ్లు బేరమాడేది సుమ్మా, ఊరికే ఒక తూరి చూపించరా. ఎవుడు ముందు దిగుతాడో చూడాల."

"చూసేదానికేం లేదు మామా. తెర మీద గీతలు లేస్తాయి, పడతాయి."

"గీతలైతే ఏమి? మొగాలు నేను పెట్టుకుంటాలే."

ప్రాజెక్టు పూర్తయ్యాక అన్నాను. పూర్తయ్యాక, పరీక్షలయ్యాక అన్నాను. ఒకసారి ఆయనే బస్సెక్కి హాస్టలుకు వచ్చి, నా మంచం అంచున కూర్చున్నారు. ల్యాప్‌టాప్‌లో చార్జి లేదన్నాను. కరెంటు మీద ప్రాజెక్టు చేసినవాడు చెప్పదగిన మాటే. చార్జరు సంచిలోనే ఉంది. బయట స్నేహితులు పిలుస్తున్నారు.

"శరి, దానికీ ఆకలుంటుందిగా" అని మామ లేచి, చెప్పులేసుకున్నారు.

ఆయన కోసం నేను నిజంగా చేసింది ఒకటుంది, ఒప్పుకుంటాను. కర్మ అయిన వారం సంతకు వెళ్లాను. ఆయన నిలబడే రేకుల నీడలో, ఖాళీ బండి మీద ల్యాప్‌టాప్ పెట్టి ప్రోగ్రాం నడిపాను. తెరను నా వైపు కాకుండా ఆయన చోటు వైపు తిప్పాను. గీతలు లేచాయి, పడ్డాయి. ఎవరో అమ్మకానికి కట్టేసిన కాంగేయం జాతి ఎద్దు మేత ఆపి, తలెత్తి, చాలాసేపు చూసింది.