అత్తా అల్లుళ్ల థైరాయిడ్

పోర్టులో నాది క్రేన్ నడిపే ఉద్యోగం. ఓడలోంచి బొగ్గు ఎత్తి ఒడ్డున పోస్తుంటాను. కూర్చుని చేసే పనే గానీ, ఆ కూర్చునే చోటికి చేరాలంటే నిలువు నిచ్చెన ఎక్కాలి. నిచ్చెనకు సగంలో చిన్న ఇనుప అరుగు ఒకటుంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అదెందుకు పెట్టారో నాకు తెలిసేది కాదు. నలభై దాటాక తెలిసింది. ఎక్కుతూ ఎక్కుతూ అక్కడ కూలబడి, ఎదురుగా ఉన్న డాల్ఫిన్ నోస్ కొండను పర్యాటకుడిలా చూస్తూ ఉండిపోయేవాణ్ణి. కింద నుంచి సిగ్నల్ ఇచ్చేవాడు వాకీటాకీలో పిలిస్తే, వస్తున్నాననేవాణ్ణి. ఆ మాట కూడా బొంగురుగా, సాగుతూ వచ్చేది. ఒకరోజు అతను కొత్త ఆపరేటర్ని వేశారా అని ఆఫీసుకి ఫోన్ చేశాడు.

మెల్లిమెల్లిగా ఒళ్లు పెరిగింది. ఎలా పెరిగిందో నాకే తెలీదు. పెందుర్తిలో ఇల్లు కట్టుకున్నాక బయట తిండి తగ్గించాను. మా ఆవిడ అన్నం తగ్గించి రాత్రిపూట చపాతీలు మొదలుపెట్టింది. తూకం మాత్రం పైకే వెళ్లింది. డ్యూటీ దారిలో ఏదో తింటున్నానని ఆవిడ అనుమానం. నిజానికి క్యాంటీన్‌లో అరటికాయ బజ్జీలు తినేవాణ్ణి గానీ, అవి పెళ్లి కాకముందు నుంచీ తింటున్నవే, అప్పుడు లావెక్కలేదు కదా అన్నది నా వాదన. ఎలమంచిలిలో ఒక పెళ్లికి వెళ్తే చుట్టాలంతా నా పొట్టను చూసి, సుఖంగా ఉన్నావురా అని మెచ్చుకున్నారు. మా ఆవిడ ఆ మెప్పు తన ఖాతాలో వేసుకోవాలో వద్దో తేల్చుకోలేకపోయింది.

ఇంకో విచిత్రం చలి. విశాఖపట్నంలో, మే నెలలో, నాకు చలి. క్యాబిన్‌లో ఏసీ ఉంటుంది కాబట్టి స్వెట్టర్ వేసుకుని వెళ్లేవాణ్ణి. షిఫ్టు మారేటప్పుడు నాతో పనిచేసే ఇంకో ఆపరేటరు నన్ను ఎగాదిగా చూసేవాడు. మేం ఒకరినొకరం బావా అని పిలుచుకుంటాం. "ఏటి బావా, బొగ్గు ఓడలో మంచేటైనా వచ్చిందేటి?" అని అడిగాడు. నవ్వే ఓపిక కూడా లేకపోయింది నాకు. ఎప్పుడూ నిద్ర. సెలవురోజు సోఫాలో కూర్చుని టీవీ పెట్టుకుంటే, వార్తలు మొదలయ్యేటప్పటికి పడుకుని, మర్నాటి వార్తలకు లేచినట్టుండేది.

ఏటా జరిగే ఆరోగ్య పరీక్షలో తూకం మిషన్ ఎక్కించారు. అక్కడున్న డాక్టరమ్మ ముల్లు చూసి, నన్ను చూసి, మెడ తడిమి, చలేస్తుందా, మలబద్ధకం ఉందా, కనుబొమ్మలు చివర్లో రాలుతున్నాయా అని వరసగా అడిగింది. జాతకం చెప్పినట్టే ఉంది. రక్తపరీక్షకు పంపింది. థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచెయ్యడం లేదని తేలింది. రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకోమంది. సంతోషించాను. రోగం అంటూ ఉంది కాబట్టి బద్ధకస్తుణ్ణి కాదు. మాత్ర అంటూ ఉంది కాబట్టి ఇక తగ్గిపోతాను. ఆ సంతోషంలో దారిలో ఆగి నాలుగు బజ్జీలు తిన్నాను.

నాతో పనిచేసేవాడికి చెబితే అతను "అది ఆడోల జబ్బు కదేటి బావా?" అన్నాడు. ఆ మాట మనసులో పడింది. మర్నాటి నుంచి మాత్రల సీసా వంటింటి అలమరాలో పంచదార డబ్బా వెనకాల దాచాను.

దాచి లాభం లేకపోయింది. అదే అలమరాలో అంతకుముందే ఇంకో థైరాయిడ్ సీసా ఉంది. అది మా అత్తగారిది.

మా అత్తగారిది పద్మనాభం దగ్గర పల్లె. వరి పొలం, రెండు గేదెలు. కోతలయ్యాక కంటికి ఆపరేషన్ చేయించుకుని, నల్లకళ్లద్దాలతో మా ఇంట్లో విశ్రాంతి తీసుకుంటోంది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆవిడ నాతో నేరుగా మాట్లాడింది తక్కువ. నేను ఎదురుగా కంచం ముందు కూర్చుని ఉన్నా, "బాబుకి కూర కావాలేమో అడుగే" అని కూతురితో అనేది. నేను కుర్చీలో కూర్చుంటే ఆవిడ కూర్చునేది కాదు. ఆవిడ నిలబడి ఉంటుందని నేను కూర్చునేవాణ్ణి కాదు. దానివల్ల మా ఇంట్లో హాలు ఎప్పుడూ బస్టాండులా ఉండేది.

అలా దాచిన మొదటిరోజు పొద్దున్నే మాత్ర మింగి, వెంటనే టీకి నీళ్లు పెట్టబోయాను. వెనకనుంచి గొంతు వినిపించింది.

"బాబూ, గంటసేపు టీ తాగకండి. ఆ మాతర ఒంటికి పట్టదు."

తిరిగి చూస్తే నల్లకళ్లద్దాలతో అత్తగారు. చేతిలో ఆవిడ మాత్ర. దొరికిపోయిన దొంగలా నిలబడ్డాను. ఇది ఆడవాళ్ల జబ్బంటున్నారు, ఎవరికీ చెప్పకండి అత్తా అన్నాను.

"మగోలకి మెడుండదేటి?" అంది ఆవిడ.

అక్కణ్ణుంచి మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. రోజూ మాత్ర మింగాక టీ కోసం గంట ఎదురుచూడాలి. ఆ గంట వంటింట్లో చెరో పీట మీద కూర్చునేవాళ్లం. ఆవిడ తన జబ్బు గురించి, నేను నా జబ్బు గురించి. ఆవిడకి జబ్బు మొదట్లో ఎవరూ కనిపెట్టలేదట. దమ్ము చేసిన బురద మళ్లోకి దిగి నాట్లు వేస్తూ వేస్తూ నిలబడే నిద్రపోయేదట. గాలి సోకిందని తాయెత్తు కూడా కట్టారట. వింటుంటే నాకు సొంత అక్క దొరికినట్టనిపించింది.

ఆవిడ కొన్ని విషయాల్లో తిరుగులేని నమ్మకాలు గల మనిషి. థైరాయిడ్‌కి పడదని క్యాబేజీ మా ఇంటి గడప తొక్కకుండా చేసింది. నేను డాక్టరమ్మను అడిగితే, ఉడికించిన క్యాబేజీ మితంగా తింటే ఏమీ కాదని, మీ శత్రువు క్యాబేజీ కాదు బజ్జీలని చెప్పింది. ఆ మాట అత్తగారికి చేరవేశాను.

"ఆ డాక్టరమ్మకి థైరాయిడ్ ఉందేటి బాబూ?"

"లేదనుకుంటాను."

"మరేటి," అందావిడ. క్యాబేజీ సంగతి అంతటితో ముగిసింది.

నడక కూడా ఆవిడే మొదలుపెట్టించింది. కాలనీ చివర ఖాళీ స్థలం ఉంది, పొద్దున్నే అక్కడ చుట్లు తిరిగేవాళ్లం. అల్లుడి పక్కన నడవకూడదని ఆవిడ వెనకాల దూరంగా నడిచేది. మాట్లాడాలంటే అరవాలి. "బాబూ, బొజ్జ లోపలికి లాగి నడవండి," అని వెనకనుంచి కేకేసేది. నల్లకళ్లద్దాల పెద్దావిడ ఒక భారీ మనిషిని తరుముకొస్తోందని అక్కడ నడిచేవాళ్లు నాకు జాలిగా దారి ఇచ్చేవారు. వారం తిరక్కుండానే పక్కకొచ్చి నడవండి అత్తా అని బతిమాలుకున్నాను. ఆవిడ పక్కకు రానైతే వచ్చింది గానీ, మొహం మాత్రం అటు తిప్పుకుని నడిచేది.

ఇంత చేసినా తూకం పెద్దగా కదల్లేదు. మాత్ర మోతాదు ఒంటికి సరిపడటానికి సమయం పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. నాకు ఓపిక పోతున్న సమయంలో అద్భుతం జరిగింది.

ఉన్నట్టుండి నేను చురుగ్గా తయారయ్యాను. స్వెట్టర్ తీసేశాను. నిచ్చెన మధ్యలో ఆగకుండా ఎక్కాను. ప్యాంటు వదులైంది, బెల్టుకి కొత్త బెజ్జం పెట్టించుకున్నాను. సెలవురోజున ఇంట్లో ఫ్యాన్లన్నీ తుడిచి, ఎవరూ అడక్కపోయినా పక్కింటివాళ్ల ఫ్యాన్లు కూడా తుడిచి వచ్చాను. చేతులు కాస్త వణికేవి. గుండె దడదడలాడేది. ఉత్సాహం అలాగే ఉంటుంది కాబోలనుకున్నాను.

ఆ ఉత్సాహంతో క్యాంటీన్‌లో ఉపన్యాసాలు మొదలుపెట్టాను. రోగం ఒంటికి గాని మనసుకి కాదన్నాను. మనిషి తల్చుకుంటే కొవ్వు ఎంత అన్నాను. నాతో పనిచేసేవాడు నా మాటలు విని బజ్జీలు మానేశాడు. పాపం, వాడికి ఏ జబ్బూ లేదు.

ఇంట్లో అత్తగారి పరిస్థితి తలకిందులైంది. నడక మొదటి చుట్టులోనే అక్కడి సిమెంటు బల్ల మీద కూలబడేది. ఎండలు మొదలయ్యాక కూడా శాలువా కప్పుకునేది. పీట మీద కూర్చుని మాట్లాడుతూ మాట్లాడుతూ కునుకు తీసేది. నాకు ఆవిడ మీద జాలితోపాటు చిన్నచూపు కూడా కలిగింది. మనసు గట్టి చేసుకోవాలి అత్తా, నన్ను చూడండి, అని రోజూ చెప్పేవాణ్ణి. ఆవిడ తల వంచుకుని వినేది.

"నిజవే బాబూ. నాకు మనసే లేదు," అనేది.

మా ఆవిడ మాత్రం నా నీతులు విని పళ్లు కొరికేది. మా అమ్మ పొలం దున్నించి, గేదెల్ని మేపి, నలుగురు పిల్లల్ని పెంచింది, మీరు ఫ్యాన్ తుడిచారు, అంది ఒకసారి.

రెండు నెలలయ్యాక ఇద్దరికీ రక్తపరీక్ష చేయించి, కలిసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. నా రక్తంలో మందు ఎక్కువైపోయిందంది. అత్తగారికి ఎన్నో ఏళ్లుగా సరిపోతున్న మోతాదు ఇప్పుడు చాలడం లేదంది. మాత్రలు ఎలా వేసుకుంటున్నారని అడిగింది. అత్తగారు ఎక్కడికెళ్లినా తన మందుల సంచీ మొత్తం తెచ్చుకునే మనిషి. వచ్చేటప్పుడు నాది కూడా అందులో వేసుకున్న ఆవిడ, రెండు సీసాలూ తీసి అలమరాలో ఉన్నట్టే ఎడమా కుడీగా బల్ల మీద పెట్టింది. రెండూ ఒకటే కంపెనీ, ఒకటే సైజు, ఒకటే తెలుపు. ఎవరిది ఏదో చూపించమంది డాక్టరమ్మ. నేను ధీమాగా ఒకటి చూపించాను. అత్తగారు రెండోది చూపించింది.

డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుని సీసాల మీది మోతాదు అంకెలు చదివింది. నేను చూపించింది వంద. నాకు రాసింది యాభై. అత్తగారు చూపించింది యాభై. ఆవిడకి రాసింది వంద.

"ఇన్నాళ్లూ మీరు తగ్గింది విల్‌పవర్‌తో కాదండీ," అంది డాక్టరమ్మ. "మీ అత్తగారి మాత్రతో."

తర్వాత నవ్వు ఆపుకుని గట్టిగానే మందలించింది. ఇలా ఎక్కువ మోతాదు వేసుకుంటూ పోతే గుండె లయ తప్పుతుందని, అంత ఎత్తున క్యాబిన్‌లో కూర్చుని బొగ్గు ఎత్తేవాడికి అది మరీ ప్రమాదమని చెప్పింది. గుండె పరీక్ష చేయించింది. అదృష్టవశాత్తూ ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి ఎవరి మోతాదు వాళ్లకి.

ఎలా జరిగిందో ఇంటికొచ్చాక బయటపడింది. పెద్ద పండగ ముందు మా ఆవిడ అలమరా దులిపి, కింద కొత్త పేపర్లు పరిచింది. సీసాలు అటుది ఇటు పెట్టింది. నేను పొద్దున్నే కళ్లజోడు లేకుండా ఎడమ పక్కది తీసుకునేవాణ్ణి. అత్తగారు కంటి ఆపరేషన్ మనిషి, కుడి పక్కది తీసుకునేది. ఇద్దరం చోటును నమ్మాం. మా ఆవిడ వెంటనే గోళ్లరంగు తెచ్చి వాళ్లమ్మ సీసాకి ఎర్రగా పూసింది.

కానీ అంతకంటే ముందు, క్లినిక్ నుంచి ఆటోలో వస్తున్నప్పుడు జరిగిందే నాకు బాగా గుర్తు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కదిలిపోతోంది. ఏడుస్తోందనుకుని కంగారుపడ్డాను. అత్తా, తప్పు నాదే, చూసుకోవాల్సింది, అన్నాను. ఆవిడ కొంగు తీసింది. నవ్వుతోంది. నల్లకళ్లద్దాల కిందనుంచి నీళ్లు కారుతున్నాయి.

"నా మాతర ఏసుకుని నాకే నీతులు సెప్పినారు గదా బాబూ," అంది.

ఆటో డ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు. అప్పటికి నేను కూడా పగలబడి నవ్వుతున్నాను.

క్యాంటీన్‌లో ఈ సంగతి చెప్పడం కష్టమైంది. నాతో పనిచేసేవాడు అంతా శ్రద్ధగా విని, బజ్జీల ప్లేటు తన వైపు లాక్కున్నాడు. కాసేపటికి దగ్గరికి జరిగి, "ఆ వంద మాతరలు ఓ రెండు నాకిత్తావేటి బావా?" అన్నాడు. గుండె పరీక్ష గదిలో నా ఛాతీకి తీగలు అంటించిన వైనం వర్ణించి చెప్పాక ఊరుకున్నాడు.

సరైన మాత్ర వేసుకోవడం మొదలయ్యాక తగ్గిన ఒంట్లో సగం తిరిగి వచ్చింది. బెల్టు పాత బెజ్జానికి వచ్చింది. పోయిన శక్తిని మాత్ర తిరిగి ఇస్తుందనీ, మిగతాది కంచంలోనూ కాళ్లలోనూ ఉంటుందనీ డాక్టరమ్మ చెప్పింది. దాంతో నిజమైన పని మొదలైంది. అది చెప్పుకోవడానికి బాగోని పని. అన్నం ఒక గరిటె తగ్గించడం, క్యాంటీన్ తగలకుండా వేరే దారిన వెళ్లడం, పొద్దున్నే అత్తగారితో నడవడం. తన మోతాదు తనకి అందాక ఆవిడ మళ్లీ మునుపటి మనిషైంది. ఈసారి నా ముందు నడిచేది, నేనే అందుకోలేక వెనకబడేవాణ్ణి. తూకం నెలకి కొంచెం, ఒక్కోనెల అసలు లేదు. ఎండాకాలం ముగిసేసరికి డాక్టరమ్మ ఫరవాలేదంది. ఆవిడ నోట అది పెద్ద మాటే. సన్నగా ఐతే అవ్వలేదు. నిద్రమొహం పోయింది, నా గొంతు నాకు తిరిగి వచ్చింది.

తొలకరి పడగానే అత్తగారు ఆకుమడిలో వరినారు పోయించాలని బయల్దేరింది. బండి మీద నేనే పద్మనాభం తీసుకెళ్లాను. దారి పొడుగునా మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఏం తినకూడదో చెబుతూనే ఉంది. ఇల్లు చేరాక కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చి, అరిటాకు వేసి కూర్చోమంది. చేపల పులుసు పొద్దున్నే కబురు చేసి వండించిందట. ఆకు మీద అన్నం గుట్టలా పోసింది. నేను ఆ గుట్టను చూసి, ఆవిడను చూశాను.

"ఈ పూటకి మనకి థైరాయిడ్ లేదు బాబూ. తినండి," అంది.

తిన్నాను. రెండోసారి పులుసు వెయ్యమని నేనే అడిగాను.