చెట్ల కింద గోడ

కుసుమ టెక్కలిలో ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తుంది. ఆమె సొంతూరు అక్కుపల్లి ఒడ్డున కట్టబోయే వలల షెడ్డు డ్రాయింగు తెరిస్తే చాలు, కంప్యూటరు బిగుసుకుపోతోంది.

"కొత్తగా గీసీయొచ్చు గదా," అన్నాడు పక్కసీటు వంశీకృష్ణ.

కుసుమ వినలేదు. ఫైలు రిపేరు చేసి, డ్రాయింగులో వాడని లేయర్లు, అంటే పొరలన్నీ తీసేసింది. అయినా ఫైలు బరువు తగ్గలేదు. వెతగ్గా వెతగ్గా, కొబ్బరిచెట్ల బొమ్మలు ఒకదానిమీదొకటి వేలకొద్దీ పడి ఉన్నాయని తేలింది. ఒక్కో చోట ఒక్కటే ఉంచి మిగతావి చెరిపేసింది. ఫైలు చటుక్కున తెరుచుకుంది. చెట్ల కింద దాగిన ప్రహరీ గోడ అప్పుడు కనిపించింది.

వెంటనే ఊళ్లో చేపల వేటకెళ్లే తండ్రి ఢిల్లీరావుకు ఫోను చేసింది. "నాన్నా, షెడ్డుకి సముద్రమేపు గోడుందే!"

"అటేపునుండే గదే పడవలు లాగుతాం! గోడ కట్టీసినారంటే ఎటు లాగాల?"

కుసుమ ఆ సంగతి షెడ్డు కట్టించే ఇంజినీరుకు చెప్పింది. ఆయన ఒడ్డుకెళ్లి చూసొచ్చి, గోడలో పడవలకు దారి వదలమన్నాడు. ఆమె సంతోషంగా డ్రాయింగులో ఆ దారి వదిలింది.