చేతుల మీద కూర్చునే అక్క

షేర్ల ఆఫీసులో ఆమెను వయసులో పెద్దవాళ్లు కూడా అక్క అనే పిలుస్తారు. అక్కడ చాలామంది షేర్లు కొన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ మూడు నెలల ఫలితాలు వచ్చే రోజు అక్క కళ్లజోడు తుడుచుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంటుంది. ఒకసారి మొదటి అంకె చూడగానే అమ్మేసి చేతులు కాల్చుకున్నప్పటి నుంచి ఇదే వరస. మొత్తం చదివాకే చేతులు బయటికొస్తాయి.

ఇవాళ తెర మీద లాభం తగ్గిందని పడగానే గదంతా గగ్గోలెత్తింది. ధర జారిపోతోంది.

"మునిగాం అక్కా! ఏడాదిగా కూడబెట్టినవన్నీ అమ్మేస్తున్నా," అన్నాడు పక్క కుర్చీలోని బట్టతలాయన.

"ఆగవయ్యా. ఫలితాల కాగితంలో ఆరో పేజీ చూశావా?"

"కొంప మునుగుతుంటే పేజీలేంటక్కా!"

"చదువు. పైకే చదువు."

ఆయన గొణుగుతూ చదివాడు. కొత్త పనులు బోలెడు వచ్చాయట. వాటి కోసం రెండు వేలమందిని తీసుకున్నారట. ఆ జీతాల వల్లే లాభం తగ్గిందట. చదివేకొద్దీ గొణుగుడు తగ్గింది.

"పని లేనివాడు అంతమందిని పెట్టుకుంటాడా?" అంటూ అక్క చేతులు బయటికి తీసి, తిమ్మిరి విదిలించుకుని, యాభై షేర్లు కొంది.

ధర ఇంకా జారుతూనే ఉంది. బట్టతలాయన ఒకసారి తెర వంక, ఒకసారి అక్క వంక చూశాడు. తర్వాత కుర్చీలో సర్దుకుని, తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు.