మార్షల్ భుజపట్టీలు

సైన్యంలోని పెద్ద హోదాల సంగతి సిరిసిల్ల నేతగాడు రాజనర్సుకు తెలిసినంత చాలామంది సిపాయిలకు కూడా తెలియదు. సాంచెలు, అంటే మరమగ్గాలు, మూలనపడి, పూట గడవక అతను గల్ఫ్ పోయినప్పుడు, చేతిలో జరీ పనితనం ఉందని యూనిఫాంలు కుట్టే దుకాణంలో పెట్టుకున్నారు. ఎనిమిదేళ్లు అతను చేసిందల్లా అధికారుల భుజపట్టీల మీద నక్షత్రాలు, కత్తులు కుట్టడమే.

దుకాణంలో పాత నమూనాల ఆల్బం ఒకటి ఉండేది. దాన్ని తిరగేస్తూ, ముసలి మేస్త్రీని అడిగి అడిగి, రాజనర్సు ఆ చరిత్రంతా ఒంటబట్టించుకున్నాడు. అన్నిటికన్నా పై హోదా మార్షల్. ఒకప్పుడు యూరప్‌లో ఆ మాటకు గుర్రాలను చూసుకునే నౌకరు అని అర్థమట! లాయంలో మొదలై, రాజు పక్కకు చేరి, చివరికి సేనలన్నిటి నెత్తికెక్కింది. మన సైన్యంలో ఫీల్డ్ మార్షల్ హోదా ఇప్పటికి ఇద్దరికే దక్కింది. యుద్ధం చేసి సంపాదించుకున్నవాళ్ల కథలంటే రాజనర్సుకు ముచ్చట. అధికారం చేతిలో ఉంది కదా అని తమకు తామే తగిలించుకున్నవాళ్ల పేజీ వస్తే మాత్రం ఒళ్లు మండేది.

ఆ ఏడు అక్కడి పెద్దాయన ఒకడికి అదే బుద్ధి పుట్టింది. పరేడ్‌లో తప్ప తుపాకీ చప్పుడు విననివాడు, తనను తానే మార్షల్‌ను చేసుకున్నాడు. భుజపట్టీల మీద మార్షల్ గుర్తుగా రెండు అధికార దండాలు ఒకదానికొకటి అడ్డంగా కుట్టే పని రాజనర్సుకు వచ్చింది. అదే రోజు ఊరి నుంచి ఫోన్. సాంచెలనే నమ్ముకుని ఉండిపోయిన తమ్ముడు దేవదాస్ ప్రాణం తీసుకున్నాడు. తమ్ముడికి పిల్లల్లేరు. పదకొండో నాటి కర్మ అన్నే చేయాలి.

పాస్‌పోర్టేమో మేనేజర్ శ్రీహరి సొరుగులో ఉంది. శ్రీహరిది కోరుట్ల. మనవాడే కదా అని రాజనర్సు వెళ్లి అడిగాడు.

"నా తమ్ముడు పోయిండు శ్రీహరీ. నన్ను పంపియ్యి. మైలల సూది ముట్టద్దు, నీకెరికే గద."

"ఈడ మైల గియిల నడువది నర్సన్నా. గీ పట్టీలు అయిపోంగనే టికెట్ నేనే తెస్త. నా మీద ఒట్టు."

ఆ ఒట్టు నమ్మాడు. వాళ్లింట్లో చావు మైల తీరేదాకా మగ్గం, సూది ఎవరూ ముట్టరు. రాజనర్సు ముట్టాడు. తమ్ముణ్ని తలుచుకుని కుమిలిపోతూ ఐదు రోజులు కుట్టాడు. పని ముగించి పాస్‌పోర్టు అడిగితే, "పెద్దాయనకు తొడిగి చూసినంక" అన్నాడు శ్రీహరి.

ఆరో రోజు ఇద్దరూ బంగళాకు వెళ్లారు. మార్షల్ భుజానికి పట్టీ బిగిస్తూ, తన బాధ ఆయనకు చెప్పమని రాజనర్సు శ్రీహరిని బతిమాలాడు. శ్రీహరి నవ్వు మొహంతో అరబ్బీలో, "ఈ పని దొరకడం తన అదృష్టమంటున్నాడు" అన్నాడు. ఎనిమిదేళ్లున్నవాడికి ఆ మాత్రం అరబ్బీ అర్థం కాదనుకున్నాడు, దొంగ! రాజనర్సు వచ్చిన నాలుగు ముక్కల్లో తానే చెప్పుకున్నాడు. తమ్ముడు పోయాడు, కర్మ చేయాలి, పాస్‌పోర్టు ఇతని దగ్గరుంది.

మార్షల్ అద్దంలోంచి చూపు తిప్పలేదు. "పరేడ్ అయ్యేదాకా సైనికుడు కదలడు," అన్నాడు.

ఎవడు సైనికుడు? ఏ యుద్ధం? రాజనర్సు జేబులోంచి కత్తెర తీసి, ఆ భుజం మీది దండాలను పరపరా కోసేశాడు.

చేతులు విరిచిపట్టి తీసుకుపోయారు. ఐదు రోజులు లాకప్పులో ఉంచి, దేశంలోంచే వెళ్లగొట్టారు. తమ్ముడు చచ్చిపోయినా బయటికి రాని పాస్‌పోర్టు, మార్షల్‌కు కోపమొస్తే గంటలో వచ్చింది.

అతను సిరిసిల్ల చేరేసరికి పన్నెండో రోజు. తమ్ముడి భార్య స్వరూప వాకిట్లోకి వచ్చింది.

"నిన్న పొద్దుగూకేదాక నీ తొవ్వ చూసినం బావా. ఇగ నేనే పిండం పెట్టిన."

రాజనర్సు గడప దాటకుండా వాకిట్లోనే కూర్చున్నాడు.

"ఐదు దినాలు వాని భుజాలకు కుట్టుకుంట కూసున్న స్వరూపా! మొదటి దినమే ఆ పట్టీలు కోసేదుండె. తమ్మునికి అందుతుంటి."