పడినవే రాసిన పుస్తకం

సాయంత్రం ఆరున్నరకి నా మనవరాలు లాస్య జిమ్నాస్టిక్స్ ప్రాక్టీసు నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పేసరికి, చెమటా, చేతులు జారకుండా రాసుకునే తెల్లపొడీ కలిసిన ఒక వాసన, వాన పడ్డ సున్నపు గోడలాంటి వాసన, గాజువాకలోని మా ముందుగది నిండా పరుచుకుంటుంది. పదేళ్ల పిల్ల. రాష్ట్ర పోటీల ఎంపికకి సోమవారంలోగా ఫారం ఇవ్వాలి. కొత్త విన్యాసం మొదలుపెట్టాక రోజూ పడుతోంది, మణికట్టు నొప్పంటోంది. రెండు వారాలు విశ్రాంతి ఇస్తే చాలని డాక్టరు చెప్పినా, పూర్తిగా మాన్పించేద్దామని మా అబ్బాయి, వద్దని కోడలు.

"నాన్నా, నువ్వు రోజూ పిల్ల చెప్పినవన్నీ డైరీలో రాత్తావు కదా. ఈ నెల్లో ఎన్నిసార్లు పడిందో లెక్క తీసి చెప్పీ, దాన్నిబట్టి తేల్చీసుకుందాం" అన్నాడు మావాడు.

డైరీ తెరిచాను గాని, కళ్ళు ఆ పేజీ మీద నిలవలేదు.

పాత పట్నంలో, పూర్ణా మార్కెట్టుకి నాలుగు సందుల అవతల ఉండేది మా ఇల్లు. వేసవి పొద్దుల్లో మార్కెట్టు వైపు నుంచి పనసపండు తీపీ, ఎండుచేపల ఘాటూ, తడి గోనెల వాసనా ఒకదాని వెనక ఒకటి మా నిద్రలోకి వచ్చేవి. మధ్యాహ్నం గాలి మళ్ళితే రేవులోని ఇనప ఖనిజం ఎర్రదుమ్ము ఆరేసిన పంచెల మీద మెత్తగా వాలేది. ఓడ కూత ఎక్కడో దూరంగా సాగి సాగి ఆగిపోయాక, నాన్న వచ్చే వేళయిందని అమ్మ ఎసరు పెట్టేది. సింహాచలం చందనోత్సవానికి వెళ్ళొచ్చిన రోజైతే, పానకంలో మిరియాలు నాలికని చురుక్కుమనిపిస్తుంటే, నుదుటి గంధం పెచ్చులుగా రాలి వడపప్పులో పడేది.

నాన్న రేవులో టాలీ గుమాస్తా. ఓడలోంచి దిగే బస్తాలకి నాలుగు నిలువు గీతలు గీసి అయిదోది అడ్డంగా కొట్టి కట్ట కట్టేవారు. చిరిగిన బస్తాలకి వేరే పుస్తకం. ఇంట్లో మెట్లూ, పాదున కాసిన ఆనపకాయలూ కూడా లెక్కపెట్టే మనిషి. ఆ గీతలు నాకూ నేర్పారు. నేను రాసుకున్న మొదటి పుస్తకం అలాగే మొదలయింది.

మా సందు చివర ఒక వ్యాయామశాల ఉండేది. పెంకుల కప్పు, సముద్రపు ఇసక పోసిన గొయ్యి, కొబ్బరిపీచు పరుపులు, పాత ఓడ చెక్కతో చేసిన సన్నని దూలం. మా చెల్లెలు పైడితల్లి తొమ్మిదేళ్లకే ఆ దూలం మీద, కాలవగట్టు మీద కొంగలాగ, తొందర లేకుండా నడిచేది. జిల్లా పోటీలకి దాన్ని తీసుకెళ్తానన్న అక్కడి మేస్టారు, రోజూ వెంట వెళ్ళే నాకో పని అప్పగించారు: "పిల్ల ఎన్నిసార్లు పడతందో గీతలు గియ్యి." పన్నెండేళ్ల నేను ఇసక గొయ్యి గట్టున కూర్చుని, ఎండ కప్పు సందుల్లోంచి నా పుస్తకం మీద పడి జరుగుతుంటే, శ్రద్ధగా గీతలు గీసేవాణ్ణి.

వైశాఖంలో మేస్టారు దానికి దూలం మీద వెనక్కి మొగ్గ నేర్పడం మొదలుపెట్టారు. అంతకు ముందు నెల మూడు కట్టలు. ఆ నెల పదకొండు. మోకాళ్లు కమిలిన పిల్లని చూసి అమ్మ, "పైడి నాన్నా, కాలో సెయ్యో ఇరిగితే ఏటి సేస్తాం? ఒగ్గీమను" అంది. నాన్న నా పుస్తకం అడిగి, ఒక్కసారి పేజీలు తిప్పారు.

"ఇన్ని బస్తాలు చిరిగితే సరుకు దింపడం ఆపించేస్తాం" అన్నారు.

మర్నాడు మేస్టారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "బాబూ, అది కొత్త మొగ్గ నేర్సుకుంతన్నాది. పడకుండా ఎలాగొస్తాది?"

"పుస్తకంలో అలాగని రాసి లేదు కదండీ."

నేను తలుపు వెనక నిలబడి విన్నాను. పైడిని ఎవరూ అడగలేదు. అది పెరట్లో గొంతుక్కూచుని, చేతులకి నూనె రాసుకుని పనసతొనలు ఒలుచుకుంటోంది. ఆ రోజు నుంచి వ్యాయామశాలకి వెళ్ళలేదు.

ఇదంతా మా అబ్బాయికీ కోడలికీ చెప్పి, భీమునిపట్నంలో ఉన్న పైడికి ఫోను చేశాను. దానికిప్పుడు మనవలు. అందరూ వినేలా స్పీకరు పెట్టి, లాస్య సంగతీ ఆ పాత పుస్తకం సంగతీ ఎత్తాను.

"ఆ పుస్తకం ఊసు ఇంకా ఒగ్గలేదేటి అన్నియ్యా?" అని నవ్వింది. "నాను ఆ మొగ్గ ఓపాలి ఏసేను తెలుసా? మానీసిన ముందురోజే. దూలం మీదే నిలబడిపోనాను. నువ్వు తలొంచుకుని అంతకు ముందు పడినదానికి గీత గీసుకుంతన్నావు."

"మరి చెప్పలేదేమే?"

"ఏటి సెప్పమంతావు? పడితే రాసే పుస్తకం కదా అది. ఇంతకీ గుంటనడిగేరా?" అంది.

అడిగాం. లాస్య అన్నం కలుపుతూనే, "రెండు వారాలు ఆగుతాను. తరవాత మాత్రం అది వచ్చీదాకా మానను. వచ్చేక కూడా మానను" అని, "పెరుగెయ్యమ్మా" అంది. మావాడు కాసేపు పిల్ల మణికట్టు పట్టుకుని చూసి, ఇంకోసారి నొప్పిపెడితే ముందు తనకే చెప్పాలని మాట తీసుకుని, ఫారం మీద సంతకం పెట్టాడు.

మొన్న పనుండి పాత పట్నం వెళ్ళాను. వ్యాయామశాల ఉన్నచోట అపార్టుమెంటు, కింద స్కూటర్లు. ఆ ఇసక ఏ పునాదిలో కలిసిందో, దూలం ఏ పొయ్యిలోకి పోయిందో ఎవరూ చెప్పలేరు. మేస్టారు లేరు, నాన్న లేరు. ఆ పుస్తకం ఏదో తుపానులో తడిసి అట్టకట్టుకుపోయింది. ఆ చివరిరోజు పైడి దూలం మీద నిలబడ్డ ఆ కాసేపటికి, ఇప్పుడు పైడి ఒక్కత్తే సాక్షి. నేను అప్పుడు రెండు గజాల దూరంలోనే కూర్చుని ఉన్నాను.